విషాల గోదాము ముందు నాడి పట్టే మనిషి

మందపాటి రబ్బరు సూటు, మొహానికి మాస్కు, చేతులకు ఒకదానిమీద ఒకటిగా రెండు జతల తొడుగులు, మోకాళ్ళ దాకా బూట్లు, వీపున గాలి సిలిండరు. ఈ వేషంలో ఇద్దరు మనుషులు ఒక పాత గోదాములోకి వెళ్ళారనుకోండి. లోపల చిలుం పట్టిన ఫిరంగి గుండ్లు వరుసలుగా పేర్చి వున్నాయి. వాటిలో కొన్ని కారుతున్నాయి. కారేది నూనె కాదు, ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే విషం. బయట ఎండ 45 డిగ్రీలుంది.

గోదాముకు దూరంగా, గాలి వచ్చే దిక్కున మరొక మనిషి నిలబడి వుంటాడు. ఆయన గుండ్లు లెక్కపెట్టడు. నమూనాలు తీయడు. చేతి గడియారం చూస్తాడు. కర్రకు కట్టిన గుడ్డపేలిక ఎటు ఊగుతున్నదో చూస్తాడు. వైర్‌లెస్‌లో లోపలివాళ్ళ గొంతు వింటాడు. వాళ్ళ మాట తడబడినా, పిలిచిన వెంటనే పలకకపోయినా "చాలు, బయటికి రండి" అంటాడు. లెక్క సగంలో వున్నా వచ్చెయ్యవలసిందే.

ఆ మనిషిని ఆరోగ్య భద్రతా నిపుణుడు అంటారు. రసాయన ఆయుధాల తనిఖీకి వెళ్ళే బృందాలలో తప్పనిసరిగా వుండే ఉద్యోగం ఇది. పేరు ఎక్కడా పెద్దగా వినిపించదు. లోపలికి వెళ్ళినవాడు ఏదైనా కనిపెడితే అది ప్రపంచ వార్త అవుతుంది. వెళ్ళినవాళ్ళందరూ నడిచి బయటికి వచ్చారంటే అది వార్త కాదు. ఈయన పని మాత్రం ఆ రెండవది.

రసాయన ఆయుధాలను తయారుచేయరాదు, దాచుకోరాదు, ప్రయోగించరాదు అనే అంతర్జాతీయ ఒడంబడిక 1997 ఏప్రిల్ 29న అమలులోకి వచ్చింది. దానిలో 193 దేశాలు చేరాయి. అమలు చూడడానికి నెదర్లాండ్స్ దేశపు హేగ్ నగరంలో రసాయన ఆయుధాల నిషేధ సంస్థ వెలసింది. 2013 నోబెల్ శాంతి బహుమతి ఈ సంస్థకే వచ్చింది. దీని తనిఖీ బృందాలలో రసాయన శాస్త్రజ్ఞులుంటారు, కర్మాగారాల నిర్మాణం తెలిసిన ఇంజనీర్లుంటారు, మందుగుండు సంగతి తెలిసిన మాజీ సైనికులుంటారు. ఆరోగ్య భద్రత చూసేవారిలో కొందరు డాక్టర్లు, కొందరు సైన్యంలో వైద్య సహాయకులుగా చేసి వచ్చినవారు, మరికొందరు పరిశ్రమలలో భద్రతాధికారులుగా తల పండినవారు.

పురుగుమందుకు దగ్గరి చుట్టం

ఈ ఉద్యోగి దేనికి కాపలా కాస్తున్నాడో తెలియాలంటే ముందు ఆ విషాల సంగతి తెలియాలి. తెలుగు జిల్లాల పాఠకులకు ఇది మరీ కొత్త సంగతి కాదు.

1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పంటలకు పట్టే పురుగులను చంపే మందు కోసం వెదుకుతున్నాడు. వెదుకుతూ వెదుకుతూ ఒక కొత్త పదార్థం తయారుచేశాడు. ప్రయోగశాలలో దాని చుక్క ఒలికితేనే ఆయనకూ, సహాయకుడికీ కంటిపాపలు కుంచించుకుపోయి, చూపు మసకబారి, ఊపిరి ఆడక కొన్ని వారాలు పనికి దూరం కావలసివచ్చింది. దానికి తర్వాత టాబున్ అని పేరు పెట్టారు. 1938లో సారిన్ వచ్చింది. అంటే పత్తి చేలలో చల్లే కొన్ని పురుగుమందులూ, యుద్ధానికి తయారుచేసిన ఈ నరాల విషాలూ ఒకే కుటుంబంలోవి. పురుగుమందుది తక్కువ జోరు, సారిన్‌ది ఎన్నో రెట్లు ఎక్కువ జోరు.

ఇవి శరీరంలో చేసే పని కూడా ఒకటే. నరం నుంచి కండకు "బిగుసుకో" అని కబురు వెళుతుంది. పని అయిపోగానే ఆ కబురును తుడిచేసే పదార్థం ఒకటి శరీరంలో వుంది. డాక్టర్లు దానిని కోలినెస్టరేజ్ అంటారు. నరాల విషం దానిని పట్టి కట్టేస్తుంది. ఇక కబురు ఆగదు. కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట చొంగ, ఒళ్ళంతా చెమట, కండలు అదురు, చివరికి ఊపిరి తీసే కండలు చేతులెత్తేస్తాయి. గుంటూరు, వరంగల్ ఆస్పత్రులలో అర్ధరాత్రి వేళ పురుగుమందు కేసులు చూసిన డాక్టరుకూ, నర్సుకూ ఈ గుర్తులు ఒకరు చెప్పనక్కరలేదు. వారు ఎక్కించే అట్రోపిన్, పామ్ ఇంజెక్షన్లే తనిఖీ బృందం సంచీలోనూ వుంటాయి. తేడా ఏమంటే, అక్కడ వాటిని తొడమీద గట్టిగా నొక్కితే బట్టల మీదుగానే దిగే సూదులుగా అమర్చి ఇస్తారు. అట్రోపిన్ కూడా మన ఉమ్మెత్త జాతి మొక్కలలో దొరికే విషమే. విషానికి విషమే విరుగుడు అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం.

అందుకే బృందం బయలుదేరకముందే ఆరోగ్య నిపుణుడు అందరి రక్తం తీసి కోలినెస్టరేజ్ ఎంత వున్నదో రాసిపెడతాడు. ఈ అంకె మనిషికీ మనిషికీ తేడాగా వుంటుంది. ఒకరికి మామూలైనది మరొకరికి తక్కువ కావచ్చు. ఎవరి అంకె వారిదే. తిరిగి వచ్చాక మళ్ళీ తీస్తాడు. పడిపోయిందంటే, మనిషి "నాకేమీ కాలేదు" అని ఎంత వాదించినా, ఎక్కడో తొడుగు చిల్లుపడిందని అర్థం.

మస్టర్డ్ అనే రెండవ విషానిది మరొక తంతు. 1917 జూలైలో బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్లు మొదట ప్రయోగించారు. ఆవాల వాసన వస్తుందని ఆ పేరు పడింది కాని, నిజానికి ఆవాలకూ దీనికీ సంబంధం లేదు. పేరుకు వాయువే అయినా చిక్కటి నూనెలాంటి ద్రవం. 14 డిగ్రీల చలికే గడ్డ కడుతుంది. దీనికి విరుగుడు లేదు. పైగా తగిలిన వెంటనే నొప్పి పుట్టదు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మరునాటికి గాని, చర్మం ఎర్రబడి బొబ్బలు రావు. ఆరోగ్య నిపుణుడికి దీనితోనే పెద్ద తలనొప్పి. సాయంత్రం భోజనాల దగ్గర హాయిగా నవ్వుతున్న మనిషిని పట్టుకుని, నువ్వు రేపటి వరకు నా కళ్ళముందే వుండాలి అనడం ఎవరికి ఇష్టం? అయినా అనాలి.

మడి, మైల

తనిఖీ స్థలానికి చేరగానే ఆయన చేసే మొదటి పని గాలి వాలు చూడడం. కళ్ళంలో తూర్పారబట్టే రైతు ఎలా నిలబడే చోటు ఎంచుకుంటాడో ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ ఎగిరేది పొల్లు కాదు. శిబిరం ఎప్పుడూ గాలి వచ్చే వైపే వుండాలి. గాలి తిరిగిందా, శిబిరం ఎత్తివేయాలి.

తర్వాత నేలమీద గీతలు గీస్తాడు. ఒక గీత అవతల అంతా మైల. ఇవతల అంతా మడి. మధ్యలో కడిగే వరుస. పాతకాలపు ఇళ్ళలో పెద్దమ్మమ్మలు మడి పాటించిన పద్ధతి ఎరిగినవారికి ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది: మైల గదిలో ముట్టుకున్న చెంబు ఇవతలికి రాకూడదు, ఇవతలి మనిషి గీత దాటితే మళ్ళీ కడుక్కోక తప్పదు. లోపలినుంచి వచ్చిన మనిషి ఆగి నిలబడాలి. బూట్లు బ్లీచింగ్ పౌడరు కలిపిన తొట్టిలో ముంచాలి. సూటుమీద తడి చుక్క వుంటే ముందు పొడి చల్లి పీల్చనివ్వాలి. ఆ పొడి మరేదో కాదు, ఆడపిల్లలు మొహానికి రాసుకునే ముల్తానీ మట్టి జాతిదే. నూనెలాంటి విషాన్ని పీల్చడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. ఊరి బావిలో వేసే బ్లీచింగ్ పౌడరు, వంటింటి అలమరలోని ముల్తానీ మట్టి! ఇంత ఆధునిక విషానికి ఎదురు నిలిచే సరంజామాలో ఇవి రెండూ ముందు వరుసలో వుండడం విశేషమే.

సూటు విప్పడం వేసుకోవడం కన్నా కష్టం. లోపలి వైపు బయటికి తిరిగేలా చుట్టుకుంటూ దింపాలి. పై తొడుగులు తీసిన తర్వాతనే లోపలివి. మాస్కు అన్నిటికన్నా చివర. అలసిపోయిన మనిషికి అన్నిటికన్నా ముందు తీసెయ్యాలనిపించేది మాస్కే. అక్కడే ఆరోగ్య నిపుణుడి గొంతు గట్టిగా వినిపిస్తుంది.

ఈ వరుస లేకపోతే ఏమవుతుందో 1995 మార్చి 20న జపాన్ రాజధాని టోక్యోలో తెలిసింది. ఓమ్ షిన్‌రిక్యో అనే ముఠా భూగర్భ రైళ్ళలో సారిన్ వదిలింది. బాధితులను ఉన్న బట్టలతోనే ఆస్పత్రులకు చేర్చారు. సెయింట్ లూక్స్ ఆస్పత్రికి ఆ ఒక్కరోజే 640 మంది వచ్చారు. వారి బట్టలలో పట్టిన విషం గదుల గాలిలో కలిసింది. వైద్యం చేసిన సిబ్బందిలో 110 మందికి కళ్ళు మసకలు, తలనొప్పి వంటి బాధలు కలిగాయి. రోగిని కాపాడబోయి డాక్టరు రోగి కావడం అంటే ఇదే. తనిఖీ బృందాలలో ఇద్దరు లోపలికి వెళితే, మరో ఇద్దరు సూట్లు తొడుక్కుని బయట సిద్ధంగా కూర్చుంటారు. లోపల ఎవరైనా పడిపోతే బృందంలో మిగిలినవారు ఉన్నపళాన పరుగెత్తరాదు, ఆ ఇద్దరే వెళ్ళాలి.

ఎండ చేసే పని

ఇంత చెప్పినా, సూటు లోపలి మనిషిని ముందుగా పడగొట్టేది చాలాసార్లు విషం కాదు, ఎండ. విషం లోపలికి రానివ్వని గుడ్డ చెమటను బయటికి పోనివ్వదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఎండాకాలం రోహిణి కార్తెలో నల్ల గొంగడి కప్పుకుని, మూతికి గుడ్డ కట్టుకుని మూటలు మోసిన హమాలీని ఊహించుకుంటే కొంత అర్థమవుతుంది.

దీనికి లెక్కలున్నాయి. ప్రమాదకర వ్యర్థాలు తొలగించే పనివారి కోసం 1985లో అమెరికా ప్రభుత్వ సంస్థలు కొన్ని సూత్రాలు రాశాయి. ఆ సూత్రాల ప్రకారం, మనిషి బయటికి వచ్చి కూర్చోగానే నాడి చూడాలి. నిమిషానికి 110 దాటి కొట్టుకుంటుంటే తర్వాతి విడత పని సమయంలో మూడో వంతు కోసెయ్యాలి. పనికి ముందూ తర్వాతా కాటా మీద నిలబెట్టాలి. రోజు మొత్తంమీద శరీరం బరువులో నూటికి ఒకటిన్నర పాళ్ళకు మించి తగ్గకూడదు. 70 కిలోల మనిషికి అది కిలో పైచిలుకు. అంటే చెమటగా పోయిన నీళ్ళన్నీ తిరిగి తాగించాలన్న మాట. దాహం వేయలేదు అనే మాట ఇక్కడ చెల్లదు. కాటా ఏం చెబితే అదే.

నలభై నిమిషాల పని కోసం సూటు తొడగడానికి, కడగడానికి, విప్పడానికి, సేద తీరడానికి కలిపి మూడు, నాలుగింతల సమయం పోతుంది. బయటినుంచి చూసేవారికి ఇదంతా జాగుగా కనిపిస్తుంది. తనిఖీకి ఒప్పుకున్న దేశపు అధికారులు గడియారం చూస్తుంటారు. సాటి ఇన్‌స్పెక్టర్లు కూడా విసుక్కుంటారు. ఇంకొక పది నిమిషాలుంటే ఆ చివరి వరుస కూడా చూసి వచ్చేవాళ్ళం అంటారు. ఆ పది నిమిషాలు ఇవ్వకపోవడానికే ఈయనను తీసుకువెళ్ళారు.

చిన్న సంగతులూ ఈయన ఖాతాలోవే. గడ్డం పెంచినవాడికి మాస్కు అంచు మొహానికి అతుక్కోదు, కాబట్టి గీయించాలి. కళ్ళజోడు కాడలు మాస్కు అంచును ఎత్తివేస్తాయి, లోపల అమర్చే అద్దాలు వేరే చేయించాలి. మూసివున్న చోట ఊపిరాడనట్టు భయపడే మనిషిని ముందే పసికట్టాలి. దగ్గరి ఆస్పత్రి ఎక్కడుంది, అక్కడి డాక్టరు ఏ భాష మాట్లాడతాడు, మనిషిని విమానంలో తరలించవలసివస్తే ఎంతసేపు పడుతుంది, మందుల గడువు తీరిందా అన్నీ ముందే చూడాలి. ఎడారి శిబిరంలో కాచని నీళ్ళు తాగి నలుగురు మంచాన పడితే, సారిన్ వంక చూడకుండానే తనిఖీ ఆగిపోతుంది.

లెక్కపెట్టకుండా మూసిన గోదాము

ఈ ఉద్యోగానికి నిజమైన బడి ఇరాక్. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఇరాక్‌లోని విషాయుధాలను నాశనం చేయించడానికి ఐక్యరాజ్యసమితి ఒక ప్రత్యేక సంఘాన్ని వేసింది. బాగ్దాదుకు వాయవ్యంగా, సమర్రా పట్నం దాపున వున్న ముథన్నా కర్మాగారం ఇరాక్ విషాయుధాలకు గుండెకాయ. 1992 నుంచి 1994 వరకు అక్కడే మకాం వేసి అంతర్జాతీయ బృందం పనిచేసింది. మస్టర్డ్‌ను కొలిమిలో కాల్చారు. నరాల విషాలను క్షారం కలిపి విరిచారు. ఆ రెండేళ్ళలో 28,000 ఆయుధాలు, 4,80,000 లీటర్ల విషం, వాటి తయారీకి దాచిన 18 లక్షల లీటర్ల రసాయనాలు నాశనమయ్యాయి.

ఆ గుండ్లు షోరూమ్‌లో పేర్చినవి కావు. చాలావాటి మీద యుద్ధంలో బాంబులు పడ్డాయి. కొన్ని కారుతున్నాయి, కొన్నిటిలో వాయువు ఉబ్బి వుంది, కొన్నిటిలో పేలుడు మందు అలాగే వుంది. కాబట్టి మొదట మందుగుండు తెలిసినవాడు చూడాలి, తర్వాత విషం తెలిసినవాడు, అప్పుడు మిగతావారు. వేసవిలో 50 డిగ్రీలకు చేరే ఎండలో ఈ పని జరిగింది.

అన్నిటిలోకి ఒక గోదాము కథ చెప్పుకోదగ్గది. 1991 ఫిబ్రవరిలో విమాన దాడిలో దాని మీద బాంబు పడింది. లోపల సారిన్ నింపిన 122 మిల్లీమీటర్ల రాకెట్లు వున్నాయి. ఇరాక్ లెక్క ప్రకారం సుమారు 2,500. కప్పు పగిలి, రాకెట్లు చెల్లాచెదురై, ఏది పేలుతుందో ఏది కారుతుందో చెప్పలేని స్థితి. తనిఖీ ధర్మం ప్రకారం ప్రతి రాకెట్టూ చేత్తో లెక్కపెట్టాలి, నాశనం చేయాలి. భద్రత చూసేవారి మాట వేరు: లోపలికి మనిషిని పంపరాదు. చివరికి ఆ మాటే నెగ్గింది. 1994లో ఆ గోదామును ఇటుకలతో, మట్టితో, సిమెంటుతో మూసి సీలు వేశారు. పూర్తి లెక్క చేతికి రాకుండానే.

దీనికి చెల్లించిన ధర చిన్నది కాదు. ఇరవై ఏళ్ళపాటు ఆ గోదాము అలాగే వుండిపోయింది. 2009లో ఇరాక్ ఒడంబడికలో చేరినప్పుడు దానిని కూడా తన ఆయుధాల చిట్టాలో చూపవలసివచ్చింది. 2014 జూన్‌లో ముథన్నా ప్రాంతం ఇస్లామిక్ స్టేట్ సాయుధుల చేతిలో పడినప్పుడు, లోపలి రాకెట్ల సంగతి ఏమవుతుందోనని ఇరాక్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి లేఖ రాసింది. ఆ మిగులు ఆయుధాల కథ ముగిసినట్టు రసాయన ఆయుధాల నిషేధ సంస్థ ప్రకటించింది 2018లో. అయితే 1994లో ఎవరినైనా లోపలికి పంపివుంటే? ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా లేదు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది! ఈ ఉద్యోగంలో వున్న అసలు చిక్కు ఇదే.

రోజుకు అయిదు గంటలు

సిరియాలో గడియారం మరోలా తిరిగింది. 2013 ఆగస్టు 21 తెల్లవారుజామున రాజధాని డమాస్కస్ శివార్లలోని ఘౌటా ప్రాంతం మీద విషం నింపిన రాకెట్లు పడ్డాయి. అంతకు మూడు రోజుల ముందే, పాత ఆరోపణల విచారణకు, ఐక్యరాజ్యసమితి బృందం ఒకటి డమాస్కస్ చేరి వుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఓకే సెల్‌స్ట్రోమ్ దాని నాయకుడు. హేగ్ సంస్థ నిపుణులు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు అందులో సభ్యులు.

ఘౌటా తిరుగుబాటుదారుల చేతిలో వుంది, చుట్టూ సైన్యం వుంది. 26 నుంచి 29 వరకు రోజుకు అయిదు గంటలపాటు కాల్పులు ఆపడానికి ఒప్పందం కుదిరింది. అయిదు గంటలలోనే వెళ్ళాలి, రావాలి, ఆస్పత్రులు చూడాలి, బాధితులను పలకరించాలి, మట్టి నమూనాలు తీయాలి. మొదటిరోజే ముందు కారు మీద ఎవరో పొంచివుండి కాల్పులు జరిపారు. కారు పాడైంది. బృందం వెనక్కి వెళ్ళి, బండి మార్చుకుని, అదే రోజు మళ్ళీ బయలుదేరి మోదమియా చేరింది. 28, 29 తేదీలలో జమల్కా వైపు వెళ్ళింది.

సారిన్ ఆవిరైపోయే విషం. వాన, ఎండ, గాలి తగిలేకొద్దీ మట్టిలో దాని ఆనవాళ్ళు పలచబడతాయి. ఆలస్యమైతే సాక్ష్యం పోతుంది. తొందరపడితే మనిషి పోతాడు. పేలని రాకెట్టు ఏ గోడ పక్కన వుందో తెలియదు. పైగా ఇక్కడ సాక్ష్యంలో సగం మనుషుల ఒంట్లోనే వుంది. 34 మంది రోగుల నుంచి రక్తం, మూత్రం, జుట్టు సేకరించారు. రక్తంలో సారిన్ గుర్తులు కొన్ని వారాలు నిలుస్తాయి కాబట్టి వాటికి విలువ ఎక్కువ. రక్తం తీయడం, సీసాకు సీలు వేయడం, చల్లగా వుంచడం, ఏ సీసా ఎవరిదో తడబడకుండా రాయడం వైద్యం తెలిసిన చేతుల పని. కాపలా కాసే మనిషి ఇక్కడ సాక్ష్యం సేకరించే మనిషి కూడా అయ్యాడు. పర్యావరణ నమూనాలు 30 దాకా తీశారు. సారిన్ నింపిన భూతల రాకెట్లు వాడారనడానికి స్పష్టమైన, నమ్మదగిన ఆధారం వున్నదని సెప్టెంబరు 16 నాటి నివేదిక తేల్చింది.

ఆ తర్వాత సిరియా ఒడంబడికలో చేరింది. 1,300 టన్నుల రసాయనాలు చూపింది. 2014 జూన్ 23 నాటికి అవి దేశం దాటాయి. వాటిలో అతి ప్రమాదమైన 600 టన్నులను ఏ దేశమూ తన నేలమీద దించుకోనన్నది. కేప్ రే అనే అమెరికా ఓడలోకి ఎక్కించి, మధ్యధరా సముద్రం నడుమ, నీళ్ళు కలిపి విరిచేశారు. ఆగస్టు 18న పని ముగిసింది. ఊగే ఓడ కడుపులో, సూట్లలో చేసిన పని అది. గోదాము కాలితే బయటికి పరుగెత్తవచ్చు, ఓడలో ఎక్కడికి?

అన్నిసార్లూ సాఫీగా జరగలేదు. 2014 మే 27న కఫ్ర్ జీతా అనే ఊరికి వెళుతున్న తనిఖీ బృందం మొదటి కారు కింద బాంబు పేలింది. ప్రాణనష్టం లేదు, కాని బృందం తిరిగి రావలసివచ్చింది. 2018 ఏప్రిల్ 7న దూమా పట్నంలో విషప్రయోగం జరిగిందని వార్త వచ్చింది. బృందం 14న డమాస్కస్ చేరినా, ముందుగా దారి చూడడానికి వెళ్ళిన భద్రతా సిబ్బందిపై 17న కాల్పులు జరగడంతో, అక్కడ అడుగుపెట్టేసరికి 21వ తేదీ అయింది. ఆ రెండు వారాల జాప్యం గురించి తర్వాత ఎంత రభస జరిగిందో పత్రికలు చదివినవారికి గుర్తుండే వుంటుంది. ఇలాంటి చోట "ఇంకా వద్దు" అన్న మాట ఉత్త వైద్య సలహాగా మిగలదు, రాజకీయం కూడా అవుతుంది.

కర్మాగారం గేటు దగ్గర

ఈ సంస్థ పని అంతా యుద్ధభూములలోనే జరగదు. మామూలు రసాయన కర్మాగారాలకూ ఏటా తనిఖీలు వెళుతుంటాయి. అలాంటి చోట ఆరోగ్య నిపుణుడి తీరు మారుతుంది. తనిఖీ మొదలయ్యే ముందు ఆ కర్మాగారంవారు బృందానికి స్థలం గురించి, అక్కడి ప్రమాదాల గురించి వివరించాలి. దానికి మూడు గంటలకు మించరాదని ఒడంబడికలోనే రాసి వుంది. కర్మాగారపు భద్రతా నియమాలను ఇన్‌స్పెక్టర్లు పాటించాలని కూడా అందులోనే వుంది. ఎంత పెద్ద అంతర్జాతీయ అధికారి అయినా గేటు దగ్గర శిరస్త్రాణం పెట్టుకోమంటే పెట్టుకోవలసిందే.

భారతదేశానికి ఈ తనిఖీలు కొత్త కాదు. మన దగ్గర వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ వున్నదని 1997లో ప్రభుత్వం వెల్లడించింది. హేగ్ ఇన్‌స్పెక్టర్లు చూస్తుండగా దానిని 2009 నాటికి పూర్తిగా నాశనం చేశారు. అల్బేనియా, దక్షిణ కొరియాల తర్వాత ఆ పని ముగించిన మూడవ దేశం మనదే. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ వల్ల ప్రమాదకర పరిశ్రమల మీద భద్రతా బాధ్యతలు పెరిగాయి. కర్మాగారంలో ఆ బాధ్యత మోసే సేఫ్టీ ఆఫీసరు, హేగ్ నుంచి వచ్చే ఆరోగ్య నిపుణుడు ఒకరినొకరు చూస్తే కొత్తవారనుకోరు. ఇద్దరిమీదా సాటివారి ఫిర్యాదు ఒకటే: పని సాగనివ్వడు.

హేగ్ సంస్థలో ఈ ఉద్యోగాలు శాశ్వతం కావు. సాధారణంగా ఏడేళ్ళు, తర్వాత ఇంటికి. నేర్చుకున్న అనుభవం కూడా వారితోపాటే వెళ్ళిపోతుందని, ఈ పద్ధతిమీద విమర్శ చాలాకాలంగా వుంది. విమర్శలో పస వుంది. గొంతులో వణుకు వినగానే మనిషిని వెనక్కి పిలవడం ఏ పుస్తకంలోనూ రాయలేరు.

ప్రపంచ దేశాలు తమ వద్ద వున్నట్టు చూపిన 72,304 టన్నుల విషాయుధాలలో చివరిది 2023 జూలై 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో నాశనమైంది. సారిన్ నింపిన ఎం 55 రాకెట్టు అది. అంతటితో ఈ ఉద్యోగం అయిపోలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం చైనాలో పాతిపెట్టి వదిలేసిన గుండ్లు ఇంకా బయటపడుతున్నాయి. బెల్జియం పొలాలలో నాగలికి మొదటి ప్రపంచయుద్ధపు గుండ్లు తగులుతూనే వున్నాయి. సిరియాలో 2024 డిసెంబరులో ప్రభుత్వం మారింది. అక్కడ రసాయన ఆయుధాలతో సంబంధం వుండవచ్చని అనుమానిస్తున్న స్థలాలు వందకు పైగా వున్నాయని హేగ్ సంస్థ చెప్పింది. 2025 మార్చి నుంచి బృందాలు మళ్ళీ అక్కడికి వెళ్ళాయి. పద్నాలుగేళ్ళ యుద్ధం తర్వాత ఆ గోడలు ఎలా వున్నాయో, నేలలో పాతిన మందుపాతరలు ఎక్కడున్నాయో లోపలికి వెళితే గాని తెలియదు. వెళ్ళేముందు మాత్రం ఇన్‌స్పెక్టర్లు ఒక్కొక్కరే కాటా ఎక్కి దిగాలి, మణికట్టు చాచి నాడి చూపించుకోవాలి.